జంట గొట్టాల మజిల్‌లోడర్: వేటకి ఏది కొనాలి, కొనేముందు ఏం చూడాలి

గొట్టం మూతిలోంచి మందు పోసి, దాని మీద అట్ట కుక్కి, సీసపు గుళ్ళు వేసి దట్టించే తుపాకీని మన పల్లెల్లో నాటు తుపాకీ అంటారు. ఇంగ్లీషులో దాన్నే మజిల్‌లోడర్ అంటారు. అదే పద్ధతిలో పనిచేసే రెండు గొట్టాల షాట్‌గన్‌తో అమెరికాలో ఇప్పటికీ పావురాలు, కుందేళ్ళు, ఉడతలు, టర్కీలు, ఫెజెంట్లు వేటాడతారు. సీజనూ, లైసెన్సూ ఉన్నంతవరకు అది పూర్తిగా చట్టబద్ధం. అక్కడ స్థిరపడి వేట మొదలుపెట్టి, మామూలు తూటాల తుపాకీ చేతికి అలవాటయ్యాక దీని మీద మనసు పడ్డ మనవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఇండియా నుంచి ఇది చదివేవాళ్ళు మాత్రం చదువుకుని వదిలేయాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇండియాలో వేట నేరం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం మందు కూరే తుపాకీకీ లైసెన్సు తప్పనిసరి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటిసారి కొనేవాళ్ళకి సరైనది ఇటలీలో తయారైన 12 గేజ్ (గొట్టం సైజు), పెర్కషన్ రకం (నిపుల్ అనే మొన మీద పెట్టిన చిన్న క్యాప్‌ని హ్యామర్ కొడితే మందు అంటుకునేది), చోక్ (మూతి దగ్గర ఇరుకు) తక్కువగా ఉన్నది. పాత ఇంగ్లీషు తుపాకుల అందం వేరు, కాదనను. కానీ చూడటం నేర్చుకోకుండా వాటి జోలికి వెళితే డబ్బు పోవడం ఒక్కటే కాదు, వేళ్ళు పోయే ప్రమాదం కూడా ఉంది.

1. ముందు కాగితాలు

అమెరికా ఫెడరల్ చట్టం (1968 గన్ కంట్రోల్ యాక్ట్) నల్లమందుతోనో (అభిని కాదు, బ్లాక్ పౌడర్ అనే తుపాకీ మందు) దాని ప్రత్యామ్నాయంతోనో మాత్రమే పనిచేస్తూ, రెడీమేడ్ తూటాలు పట్టని మజిల్‌లోడర్ షాట్‌గన్‌ని మామూలు తుపాకీగా లెక్కించదు, పురాతన ఆయుధం కింద వేస్తుంది. 1898 లేదా అంతకుముందు తయారైన పాత తుపాకులదీ అదే లెక్క. అందుకే చాలా రాష్ట్రాల్లో కేటలాగ్ చూసి ఆర్డర్ చేస్తే నేరుగా ఇంటికే వస్తుంది.

అంతటితో అయిపోయిందనుకోకండి. రాష్ట్రాల చట్టాలు వేరు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో మజిల్‌లోడర్ కొనాలన్నా ఫైర్‌ఆర్మ్స్ ఐడీ కార్డు కావాలి. హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వాళ్ళు మామూలు తుపాకీ దగ్గర ఉంచుకోవాలంటే వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఏదో ఒకటి ఉండాలి. మజిల్‌లోడర్ సంగతి ఫెడరల్ చట్టంలో ఒకలా, మీ రాష్ట్రంలో మరోలా ఉండొచ్చు. కాబట్టి తుపాకీ చట్టాలు తెలిసిన లాయర్‌ని ఒకసారి అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఇమ్మిగ్రేషన్ ఫైల్ నడుస్తున్నప్పుడు దుకాణంలో కౌంటర్ వెనకున్న మనిషి 'ఏం పర్లేదు' అన్న మాట ఎందుకూ పనికిరాదు.

హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు, వేట లైసెన్సు మామూలే. బాతులు కొట్టాలంటే 16 ఏళ్ళు నిండినవాళ్ళకి ఫెడరల్ డక్ స్టాంప్ కూడా కావాలి.

2. ఏం వేటాడతారో తేల్చుకోండి

దుకాణానికి వెళ్ళేముందే తేలాల్సిన విషయం ఇది. సెప్టెంబరులో పావురాలు, ఆ తరవాత ఉడతలు, కుందేళ్ళు మీ లెక్క అయితే తేలికగా, త్వరగా తిప్పగలిగే తుపాకీ కావాలి. చెట్టుకి ఆనుకుని కూర్చుని వసంతంలో టర్కీ కోసం కాచుకునేవాళ్ళకి బరువుతో పెద్ద పేచీ లేదు, గుళ్ళు దగ్గరగా పడటం ముఖ్యం.

బాతులూ గూసులూ (పెద్ద అడవి బాతులు) అయితే ఇంకో చిక్కుంది. నీటి పక్షుల వేటలో సీసపు గుళ్ళని అమెరికా అంతటా 1991 నుంచి నిషేధించారు. స్టీల్ గుళ్ళు గట్టివి, పాత మెత్తని గొట్టాలని లోపల గీకి పాడుచేస్తాయి. పాత తుపాకీతో బాతులు కొట్టాలంటే బిస్మత్ అనే లోహపు గుళ్ళు కొనాలి, అవి ఖరీదు. కొత్త తుపాకీలో స్టీల్ వాడొచ్చో లేదో తయారీదారు ఇచ్చిన పుస్తకంలో చూడండి. అందులో రాసి లేకపోతే వాడకూడదనే అర్థం.

3. గేజ్

ఒక పౌండు సీసంతో గొట్టానికి సరిపోయే గుండ్లు ఎన్ని తయారవుతాయో అదే గేజ్. 12 గేజ్ అంటే పౌండుకి 12 గుండ్లు, గొట్టం వ్యాసం సుమారు 0.729 అంగుళం. 20 గేజ్ 0.615, 10 గేజ్ 0.775. అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది.

20 గేజ్‌లో మామూలుగా 60 గ్రెయిన్ల (మందు కొలిచే చిన్న కొలత) మందు, ముప్పావు ఔన్సు నుంచి ఔన్సులో ఎనిమిదింట ఏడు వంతుల వరకు గుళ్ళు. కొండలెక్కుతూ నడిచే వేటకి, ఉడతలకి హాయిగా ఉంటుంది. 12 గేజ్‌లో 70 నుంచి 80 గ్రెయిన్లు, ఒక ఔన్సు లేదా కొంచెం పైన గుళ్ళు. దాదాపు అన్నిటికీ చాలుతుంది. 10 గేజ్ 90 గ్రెయిన్లు, ఔన్సుంపావు గుళ్ళు సునాయాసంగా మింగుతుంది. గూసులకీ టర్కీకీ మంచిది. కానీ రోజంతా మోయాలంటే భుజం లాగుతుంది. వలస పక్షుల వేటకి 10 గేజ్‌కి మించింది చట్టం ఒప్పుకోదు.

గేజ్ ఎంచేటప్పుడు చాలామంది మర్చిపోయేది వాడ్‌ల సంగతి. మందు మీద గట్టి అట్ట, దాని మీద మెత్తని ఫైబర్ వాడ్, గుళ్ళ మీద పల్చటి అట్ట, ఇవన్నీ గొట్టం కొలతకి సరిపోవాలి. 12, 20, 10 గేజ్‌లకి ఎక్కడైనా దొరుకుతాయి. పాత ఇంగ్లీషు తుపాకుల్లో 14 బోర్, 15 బోర్ (బోర్ అన్నా గేజే) లాంటివి మామూలు. వాటికి వాడ్‌లు ప్రత్యేకంగా తెప్పించుకోవాలి. గొట్టం మీద కొట్టిన అంకె నమ్మి వాడ్‌లు ఆర్డర్ చేయొద్దు. వందేళ్ళపాటు తుప్పు గీకుతూ వచ్చిన గొట్టం ఆ అంకె కంటే వెడల్పయి ఉంటుంది. కాలిపర్ పెట్టి కొలిచాకే కొనండి.

4. చోక్ తక్కువగా ఉన్నదే మేలు

తూటాల తుపాకీలో చోక్ ఎంత బిగువైతే గుళ్ళు అంత దగ్గరగా పడతాయని మనకి అలవాటు. మజిల్‌లోడర్‌లో ఆ బిగువైన మూతిలోంచే వాడ్‌లు లోపలికి పోవాలి. మూతి దగ్గర ఇరుకు దాటడానికి వాడ్‌ని నలిపి తోస్తే, దాటాక లోపల వెడల్పు గొట్టంలో అది వదులుగా కూర్చుంటుంది. మందు పొగ దాని పక్కల నుంచి దూసుకొచ్చి గుళ్ళ వరస చెడగొడుతుంది. చలిలో వేళ్ళు కొంకర్లు పోయి ఉన్నప్పుడు ఈ పని చేయడం నరకం.

అందుకే సిలిండర్ (ఇరుకే లేనిది) లేదా ఇంప్రూవ్డ్ సిలిండర్ (కాస్త ఇరుకు) గొట్టం, దానితో మరీ కావాలంటే ఒకటి మోడిఫైడ్ (ఇంకొంచెం ఇరుకు), ఈ జత చూడండి. టర్కీ కోసం గుళ్ళు ఇంకా దగ్గరగా పడాలంటే జగ్ చోక్ అనే పద్ధతుంది. మూతిని ఇరుకు చేయకుండా, మూతికి కొంచెం లోపల గొట్టాన్ని కాస్త వెడల్పుగా తొలుస్తారు. లోడ్ చేయడం తేలిక, గుళ్ళు దగ్గరగా పడతాయి. గొట్టం గోడ మందంగా ఉంటేనే ఇది కుదురుతుంది, అనుభవం ఉన్న గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) చేతే చేయించాలి.

క్యాప్ బదులు చెకుముకి రాయి రవ్వలతో పేలే ఫ్లింట్‌లాక్‌లో కూడా జంట గొట్టాలవి ఉన్నాయి. చూడముచ్చటగా ఉంటాయి. మొదటి తుపాకీగా వద్దు.

5. కొత్తదా, పాతదా?

కొత్తవాటిలో నమ్మకంగా చెప్పగలిగేది ఇటలీలో గార్దోనే వాల్ ట్రోంపియాలో ఉన్న డేవిడే పెడెర్సోలీ. 1957లో మొదలైన కంపెనీ. 10, 12, 20 గేజ్‌లలో జంట గొట్టాల పెర్కషన్ షాట్‌గన్‌లు చేస్తారు. గొట్టం లోపల క్రోమ్ పూత ఉన్నవి దొరుకుతాయి. నల్లమందు మసికి తొందరగా తుప్పు పట్టదు కాబట్టి ఆ పూత మీకు పెద్ద ఊరట. ధర వెయ్యి డాలర్లు దాటుతుంది. టెనెసీలో యూనియన్ సిటీలో ఉన్న డిక్సీ గన్ వర్క్స్, మిన్నెసోటాలో ట్రాక్ ఆఫ్ ద వుల్ఫ్ లాంటి దుకాణాల్లో వీటిని వెతకండి. వాడ్‌లు, నిపుల్‌లు, చిన్నచిన్న పరికరాలు కూడా అక్కడే దొరుకుతాయి.

వాడినవాటిలో నేవీ ఆర్మ్స్ పేరుతో వచ్చిన ఇటలీ తుపాకులు, సీవీఏ పేరుతో వచ్చిన స్పెయిన్ తుపాకులు తరచుగా అమ్మకానికి వస్తాయి. కొత్తదానికంటే చాలా తక్కువ ధర. పరవాలేదు, కానీ కింద చెప్పిన పరీక్షలన్నీ చేశాకే. ఇటలీ తుపాకీ గొట్టం మీద ప్రూఫ్ ముద్రల్లో (పరీక్షలో నెగ్గాక కొట్టే ముద్రలు) పీ, ఎన్ అనే అక్షరాలు కనిపిస్తే నల్లమందుకి పరీక్షించారని అర్థం.

ఇక అసలు పాతవి. 1807లో స్కాట్లండ్ పాస్టర్ అలెగ్జాండర్ ఫోర్సిత్ దెబ్బతో పేలే మందుకి పేటెంటు తీసుకున్నాడు. 1820ల్లో రాగి క్యాప్ వచ్చింది. అక్కడి నుంచి 1860ల్లో వెనక నుంచి తూటా పెట్టే తుపాకులు పైచేయి సాధించేదాకా లండన్, బర్మింగ్‌హామ్‌లలో తయారైన జంట గొట్టాల తుపాకులని చేతిలోకి తీసుకుంటే వదలబుద్ధి కాదు. భుజానికి ఎత్తగానే చూపు వెళ్ళిన చోటికే వెళతాయి. ఇటలీ కొత్త తుపాకీ ఎంత గట్టిదైనా ఆ తూకం రాదు, అది ఒప్పుకోవాలి.

కానీ ఆ కాలంలోనే బెల్జియంలో తయారైన చవక తుపాకుల మీద ఇంగ్లీషు పేర్లు కొట్టి అమెరికాకి లక్షణంగా అమ్మేశారు. వెస్ట్‌లీ రిచర్డ్స్ అనే గొప్ప బర్మింగ్‌హామ్ పేరుంది కదా, దాన్ని పోలి ఉండేలా డబ్ల్యూ. రిచర్డ్స్ అని చెక్కినవి ఇప్పటికీ పాత సామాన్ల అంగళ్ళలో కనిపిస్తాయి. పేరు చదవకండి, గొట్టాల అడుగున ప్రూఫ్ ముద్ర చదవండి. కోడిగుడ్డు ఆకారంలో ఈ, ఎల్, జీ అక్షరాలుంటే అది బెల్జియంలో లియేజ్ పట్టణం ముద్ర. కిరీటం కింద అడ్డంగా వేసిన రాజదండాలుంటే బర్మింగ్‌హామ్. బెల్జియం తుపాకులన్నీ చెత్త కావు. ఇంగ్లీషు పేరుకి ఇంగ్లీషు ధర మాత్రం ఇవ్వొద్దు.

పాత గొట్టాల మీద నీళ్ళ అలల్లా కనిపించే గీతలని డమాస్కస్ అంటారు. ఇనుము, ఉక్కు పట్టీలని మెలిపెట్టి, కడ్డీ చుట్టూ చుట్టి, కొట్టి అతికించిన గొట్టాలవి. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో ఒకప్పుడు కరిగించి తీసిన ప్రసిద్ధ ఉక్కుతో వీటికి సంబంధం లేదు. పేరు చూసి అదే అనుకునేవాళ్ళున్నారు. డమాస్కస్ గొట్టం నల్లమందుకి పనికిరాదని ఏమీ లేదు. కాకపోతే పట్టీల అతుకుల మధ్య తుప్పు ఎంత లోతుకి పోయిందో కంటికి కనపడదు. గోడ మందం కొలిచే పరికరం ఉన్న గన్‌స్మిత్ చూసి సరే అనేదాకా అది గోడకి వేలాడే వస్తువే.

6. చేతిలోకి తీసుకున్నాక

ముందు అందులో మందు ఉందేమో చూడండి. వందేళ్ళ కిందట ఎవరో కూరి, పేల్చకుండా అటకెక్కించిన తుపాకులు నిజంగానే బయటపడుతుంటాయి. ఆ మందు ఇంకా పేలుతుంది. నిపుల్‌ల మీద క్యాప్‌లు లేవని చూసుకుని, మూతిని ఎవరివైపూ లేకుండా, మీ ముఖానికి దూరంగా పట్టుకుని, దట్టించే కర్రని గొట్టంలోకి ఆగేదాకా వదలండి. మూతి దగ్గర బొటనవేలితో గుర్తు పట్టుకుని బయటికి తీసి, గొట్టం పక్కనే బయట ఆనించి చూడండి. కర్ర చివర నిపుల్ దగ్గరిదాకా రావాలి. కొన్ని తుపాకుల్లో అడుగున మందుగది ఇరుకుగా ఉంటుంది, కాబట్టి కాస్త ముందే ఆగడం తప్పు కాదు. రెండు మూడంగుళాలు తక్కువైతే లోపల ఏదో ఉంది. రెండో గొట్టానికి విడిగా చేయండి, మొదటిది ఖాళీ కదా అని వదిలేయొద్దు. లోపల ఏదైనా ఉంటే మీరు లాగబోకండి, గన్‌స్మిత్‌కి అప్పగించండి.

ఖాళీ అని తేలాక గొట్టాలు విప్పమనండి. మంచి తుపాకీలో ఇది తేలిక: హ్యామర్లని సగం ఎత్తి పెట్టి, గొట్టాల కింద ముందు చెక్కలో ఉన్న చీల తోసేసి, మూతి పట్టుకుని ఎత్తితే గొట్టాల వెనక కొక్కెం జారి వచ్చేస్తుంది. మళ్ళీ బిగించి, కిటికీకి ఎదురుగా పట్టుకుని చూడండి. గొట్టాల వెనక భాగానికీ లోహపు గోడకీ మధ్య వెలుతురు కనిపించకూడదు. కనిపిస్తే పేల్చినప్పుడల్లా ఆ దెబ్బ స్టాక్ (భుజానికి ఆనే చెక్క భాగం) మీద పడుతోంది, ఈపాటికే చీలిక మొదలై ఉంటుంది. లాక్ ప్లేట్‌ల (హ్యామర్‌ని నడిపే లాక్‌ని మోసే పక్క రేకులు) వెనకా, చేయి పట్టే సన్నటి మెడ దగ్గరా ఆ చీలిక కోసం వెతకండి.

గొట్టాలని మళ్ళీ విప్పి, కొక్కెం దగ్గర దారంతో వేలాడదీసి చెక్కతో మెల్లగా తట్టండి. కంచు గంటలా ఖంగుమనాలి. మొద్దుగా, చిటచిటలాడుతూ మోగితే రెండు గొట్టాలని కలిపే పట్టీ ఎక్కడో ఊడింది. ఆ సందులోకి నీళ్ళు చేరి లోపల్లోపలే తినేస్తుంటాయి.

నిపుల్‌లు విప్పనిస్తే విప్పి, చిన్న ఎల్ఈడీ దీపం లోపలికి జార్చి మూతి నుంచి చూడండి. ముందు భాగంలో చిన్న చిన్న గుంతలకి భయపడనక్కర్లేదు. వెనక, మందు కూర్చునే చోట, ఒత్తిడి అంతా పడే ఆ నాలుగైదు అంగుళాల్లో లోతు గుంతలుంటే వద్దు. తరవాత గొట్టాన్ని బయట వెలుతురులో అడ్డంగా పట్టి, దాని మీద పడే నీడ గీతని చివరిదాకా చూస్తూ మెల్లగా తిప్పండి. ఆ గీత ఎక్కడైనా వంకరపోతే అక్కడ నొక్కో ఉబ్బో ఉంది. నొక్కు ఎత్తి సరిచేయొచ్చు. ఉబ్బుని వదిలేయండి.

లాక్‌లు: హ్యామర్‌ని సగం ఎత్తి పెట్టి, ట్రిగ్గర్ గట్టిగా లాగండి, కదలకూడదు. కదిలితే ఆ తుపాకీని లోడ్ చేసి పొలంలో నడవకూడదు. పూర్తిగా ఎత్తి, బొటనవేలితో పట్టుకుని మెల్లగా దించండి, ఖాళీ నిపుల్ మీద కొట్టనివ్వొద్దు. హ్యామర్ గుంత సరిగ్గా నిపుల్ మీద కూర్చోవాలి. పక్కకి తగిలితే క్యాప్ ముక్కలు ఎగురుతాయి. నిపుల్ ఊడదీస్తే రాకపోవడం పాత తుపాకుల్లో మామూలే. కానీ మర అరిగి, బిగించినా ఊగుతుంటే బేరం ఆపేయండి.

7. భుజానికి సరిపోతుందా

కళ్ళు మూసుకుని తుపాకీ భుజానికి ఎత్తి, చెంప ఆనించి, కళ్ళు తెరవండి. గొట్టాల మధ్య పట్టీ మీదుగా చూపు సూటిగా పోవాలి. పట్టీ పైభాగం పెద్దగా కనిపిస్తే స్టాక్ మీకు ఎత్తుగా ఉంది. హ్యామర్లు తప్ప ఏమీ కనిపించకపోతే మరీ వంగి ఉంది. పాత తుపాకులు, వాటిని చూసి చేసిన కొన్ని కొత్తవి కూడా స్టాక్ బాగా కిందికి వంగి ఉంటాయి. మెడ పొడుగ్గా ఉన్నవాళ్ళకి అదే సరిపోతుంది. పొట్టి చేతులవాళ్ళు, ఆడవాళ్ళు స్టాక్ పొడవు తప్పకుండా చూసుకోవాలి. పొడవు తగ్గించడం గన్‌స్మిత్‌కి చిన్న పని, పెంచడం అంత తేలిక కాదు. రెండు ట్రిగ్గర్లలో ముందుది సాధారణంగా కుడి గొట్టానిది. చలికాలం గ్లౌజుతో రెంటినీ విడివిడిగా అందుకోగలరో లేదో అక్కడే చూసుకోండి.

ఒకేచోట చాలా తుపాకులు ఎత్తి చూడాలంటే ఇండియానాలో ఫ్రెండ్‌షిప్ అనే ఊళ్ళో నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్ పోటీలు జరిగేటప్పుడు వెళ్ళండి. దుకాణాల వరసే ఉంటుంది. బేరం ఆడొచ్చు, తొందరేమీ లేదు, పెద్దవాళ్ళు విసుక్కోకుండా చెబుతారు.

8. కొన్నాక, వేటకి ముందు

మందు విషయంలో రాజీ లేదు. నల్లమందు, లేదా దానికి బదులుగా చేసిన పైరోడెక్స్ లాంటివి మాత్రమే. తూటాల్లో వాడే స్మోక్‌లెస్ పొడి చిటికెడు కూడా వద్దు, గొట్టం పగులుతుంది. షాట్‌గన్‌కి గింజ సైజులో 2ఎఫ్ అనే రకం నల్లమందు సరి. కొలిచే గిన్నె ఒకటే పెట్టుకుని, మందు ఎంత ఘనపరిమాణమో గుళ్ళూ అంతే కొలిచి పోస్తే చాలు, పాత వేటగాళ్ళ లెక్క అది. ట్రిపుల్ సెవెన్ అనే మరో ప్రత్యామ్నాయం వాడితే అది ఘాటు ఎక్కువ, తగ్గించి పోయాలి. ఏది వాడినా తయారీదారు చెప్పిన గరిష్ఠం దాటొద్దు. మందు డబ్బా నుంచి నేరుగా గొట్టంలోకి పోయకూడదు, లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే డబ్బా అంతా మీ చేతిలో పేలుతుంది.

జంట గొట్టాలకి మాత్రమే ఉన్న ప్రమాదాలు రెండు. ఒకటి, మాటల్లో పడి ఒకే గొట్టంలో రెండుసార్లు మందు పోయడం. దట్టించే కర్ర మీద రెండు గీతలు గీయండి: ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కడికి వస్తుందో ఒకటి, సరిగ్గా కూరాక ఎక్కడికి వస్తుందో ఒకటి. ప్రతిసారీ చూసుకోండి. రెండోది, ఒక గొట్టం పేలిన అదురుకి రెండో గొట్టంలోని గుళ్ళు, వాడ్ ముందుకి జరగడం. మందుకీ గుళ్ళకీ మధ్య ఖాళీ ఏర్పడితే గొట్టం ఉబ్బుతుంది, చీలుతుంది. అందుకే ఒక గొట్టమే కాల్చి మళ్ళీ కూరేటప్పుడు ముందు రెండోదాని మీద క్యాప్ తీసేయండి. తరవాత ఖాళీ గొట్టంలో మందు కూరండి. చివర కర్రని రెండో గొట్టంలోకి దించి, గుళ్ళు కదిలి ఉంటే మళ్ళీ అదిమి, అప్పుడే రెండు క్యాప్‌లూ పెట్టండి.

ఇక కాగితం మీద కాల్చి చూడాలి. 25 గజాల్లో పెద్ద కాగితం పెట్టి, ఒక్కో గొట్టంతో విడివిడిగా కాల్చి, 30 అంగుళాల వృత్తం గీసి, గుళ్ళు ఎలా పడ్డాయో, రెండూ ఒకేచోట పడుతున్నాయో చూడండి. మధ్యలో పిట్ట దూరేంత ఖాళీలుంటే మందు ఎక్కువైందేమో చూడండి. మందు తగ్గిస్తే సర్దుకోవడం ఈ తుపాకుల్లో తరచుగా జరుగుతుంది. చోక్ లేని గొట్టంతో 25 గజాలు దాటి పక్షిని కొట్టాలని చూడకపోవడమే మేలు.

కాల్చిన రోజే కడగాలి. నల్లమందు మసి గాలిలో తేమ పీల్చుకుని రాత్రికి రాత్రే తుప్పు మొదలుపెడుతుంది. చీల తీసి, గొట్టాలు ఊడదీసి, నిపుల్‌లు విప్పి, వెనక భాగాన్ని వేడినీళ్ళ బకెట్‌లో నిలబెట్టి, గుడ్డ చుట్టిన కర్రతో పంపులా లాగండి. నీళ్ళు మొదట నల్లగా, కుళ్ళిన గుడ్ల కంపుతో వస్తాయి. తెల్లగా వచ్చేదాకా నీళ్ళు మార్చి, ఆరబెట్టి, నూనె పూయండి. తరవాతి వేటకి పోయేముందు ఆ నూనె పూర్తిగా తుడిచి, మందు లేకుండా ఒక్కో నిపుల్ మీద ఒక్కో క్యాప్ పేల్చండి. మూతి దగ్గర నేల మీద పెట్టిన ఎండుటాకు కదిలితే దారి తెరుచుకుని ఉన్నట్టు.